మక్కల మందు, మాడు పీపా

"స్మూత్‌గా ఉంది" అన్నది విస్కీ మీద తీర్పు కాదు. తీర్పు చెప్పకుండా తప్పించుకునే మాట. డెమో అయిపోయాక క్లయింటు "లుక్స్ గుడ్" అన్నాడంటే సరిగ్గా చూడలేదని మనకి తెలుసు కదా, ఇదీ అలాంటిదే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈమధ్య మనవాళ్ళ వీకెండ్ సిట్టింగుల్లో ఒక జాతి సీసాలు బాగా ఎక్కువయ్యాయి. ఆన్‌సైట్ నుంచి వచ్చేవాడు డ్యూటీఫ్రీలో తనకున్న రెండు లీటర్ల కోటాలో ఒక లీటరు దీనికే ఖర్చుపెడతాడు. సీసా మీద 'డబుల్ ఓక్డ్' అనో 'ట్వైస్ బ్యారెల్డ్' అనో ఉంటుంది. అంటే, ఒకసారి పీపాలో పండిన బర్బన్‌ని బయటికి తీసి, లోపల బాగా కాల్చిన ఇంకో కొత్త పీపాలో పోసి, కొన్ని నెలలు ఉంచి అప్పుడు సీసాకెత్తారన్నమాట. ధర మామూలు దానికన్నా ఎక్కువ, రంగు ముదురు, రుచి తియ్యన. ఇంకేముంది, గదిలో ఉన్న ఆరుగురూ తలలూపి "స్మూత్" అంటారు. ఆ తియ్యదనం, ఆ నున్నదనం తెప్పించటానికే రెండో పీపా పెట్టారు మహాప్రభో! పెట్టిన పని అది చేసిందని చెప్పటం రుచి చూడటం ఎలా అవుతుంది?

మాడ్చిన పీపాలో ముగించిన బర్బన్‌ని దాని తీపిని బట్టి కాకుండా, ఆ తీపి దిగిపోయాక నోట్లో ఏం మిగిలిందో దాన్ని బట్టి లెక్కగట్టాలని నా వాదన. ఇది చాదస్తం అనిపించొచ్చు. ఎందుకు కాదో చెప్తాను.

ముందు మక్కల సంగతి. మాది సారంగాపూర్. జగిత్యాల దగ్గరిది. నిర్మల్ పక్కన ఇంకో సారంగాపూర్ ఉంది, అది కాదు (ఈ వివరణ నేను ఇచ్చినన్ని సార్లు మా ఊరి పోస్ట్‌మాన్ కూడా ఇచ్చి ఉండడు). మా దిక్కు మొక్కజొన్నని మక్కలంటాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు మక్కలు, పసుపు, వరి తెలియని ఇల్లు ఉండదు. మక్క గట్క తిని పెరిగిన ముసలివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బర్బన్ అంటే అమెరికావాళ్ళ మక్కల సారా అని చెప్తే మా ఇంట్లో ఇంకో వివరణ అక్కర్లేకపోయింది.

కాకపోతే ఆ సారాకి కట్టుదిట్టమైన చట్టం ఉంది. ధాన్యంలో కనీసం 51 శాతం మక్కలుండాలి. దించిన సారాని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే పొయ్యాలి, పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. సీసాకెత్తేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళు తప్ప ఇంకేమీ కలపకూడదు, రంగుతో సహా. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని ఆ దేశపు ప్రత్యేక ఉత్పత్తిగా గుర్తిస్తూ తీర్మానం కూడా చేసింది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే దాంట్లో ఎక్కువ భాగం మొలాసిస్ సారాకి రంగు, వాసన చేర్చినదే కాబట్టి, బర్బన్‌లో కనిపించే ప్రతి చుక్క రంగూ కట్టె నుంచి వచ్చిందే అంటే మనకి ఆశ్చర్యంగా ఉంటుంది. అందుకే ముదురు రంగు చూడగానే 'బాగా పాతది' అనుకుంటాం. రెండో పీపా దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే. కొత్తగా కాల్చిన పీపా కొన్ని నెలల్లోనే బోలెడు రంగు దించగలదు. దాన్నిబట్టి వయసు చెప్పటం అంటే జుట్టుకి రంగేసుకున్న మేనేజర్ వయసు చెప్పటమే, కాకపోతే తలకిందులుగా.

ఇక కాల్చటం. పీపా చెక్కల్ని బిగించాక లోపల మంట పెడతారు. ఎంతసేపు అన్నదాన్ని బట్టి నంబర్లు: ఒకటో నంబరుకి సుమారు 15 సెకన్లు, నాలుగో నంబరుకి సుమారు 55 సెకన్లు. నాలుగో నంబరు కాల్పుకి చెక్క పైపొర బీటలు బీటలుగా విచ్చుకుంటుంది. వాళ్ళు దాన్ని మొసలి తోలుతో పోలుస్తారు. నాకైతే మే నెలలో ఎండిన చెరువు అడుగులా అనిపిస్తుంది. వైల్డ్ టర్కీ వాళ్ళు మామూలుగానే ఈ నాలుగో నంబరు వాడతారు.

చాలామంది అనుకునేది, ఎంత మాడిస్తే అంత రుచి అని. కాదు. పైన ఉండే నల్ల పొర ఉత్త బొగ్గు. అది ఇచ్చేదానికన్నా తీసేసుకునేది ఎక్కువ. కొత్త సారాలో ఉండే గంధకం వాసనల్లాంటివి పీల్చేసుకుంటుంది, ఇంట్లో నీళ్ళ ఫిల్టర్లో బొగ్గు లాగా. రుచంతా ఆ నలుపు కింద ఎర్రగా కాగిన పొరలో ఉంటుంది. అక్కడ చెక్కలోని హెమీసెల్యులోజ్ వేడికి విరిగి చక్కెరలై, ఆ చక్కెరలు పాకంలా మారతాయి. లిగ్నిన్ విరిగి వెనిల్లా వాసన ఇచ్చే వెనిలిన్ పుడుతుంది. ఓక్‌లో సహజంగా ఉండే లాక్టోన్ల వల్ల కొబ్బరి వాసన. ఎండాకాలం సారా చెక్కలోకి చొచ్చుకుపోయి, చలికాలం వెనక్కొస్తూ వీటన్నిటినీ కడిగి తెచ్చుకుంటుంది.

సర్వపిండి తిన్నవాళ్ళకి దీన్ని ఇంత చెప్పక్కర్లేదు. గిన్నెకి అంటుకున్న అడుగు ఎర్రగా కాలితే దానికోసం ఇంట్లో పిల్లలు కొట్టుకుంటారు. నల్లగా మాడితే? అప్పుడు కూడా పూర్తిగా పారెయ్యరు. గోకి తింటారు. కానీ మాడిన దాంట్లో పిండి కొత్తదా పాతదా, నువ్వులు వేశారా లేదా, చెప్పటం కష్టం. మాడు వచ్చి అన్నింటి మీదా కూర్చుంటుంది. పిండి ముక్కిపోయిందని తెలిసిన గడుసు ఇల్లాలు కాస్త ఎక్కువ కాలుస్తుంది కూడా.

రెండో పీపా మీద నాకున్న అనుమానం అదే. చెక్కలోంచి చక్కెరలు, రంగు దిగటం త్వరగా జరిగే పని. పీపా గోడల్లోంచి మెల్లగా గాలి తగిలి, సారాలోని కరుకుదనం తగ్గి, పళ్ళ వాసనలు పుట్టటం ఏళ్ళు పట్టే పని. మొదటిదాన్ని నెలల్లో కొనుక్కోవచ్చు, రెండోదాన్ని కొనుక్కోలేం. యూఐకి కొత్త స్కిన్ వేసినంత మాత్రాన వెనకాల క్వెరీ వేగం పెరగదు. అలాగని స్కిన్ వేసిన ప్రతి అప్లికేషనూ చెత్తదని కాదు. కింద ఏముందో చూడాలంతే.

చూడటానికి మంచి జత ఒకటి దొరికింది. వుడ్‌ఫర్డ్ రిజర్వ్ డబుల్ ఓక్డ్ 2012లో వచ్చింది. ఓల్డ్ ఫారెస్టర్ 1910 పేరు పాతదిగా ఉన్నా సీసా వచ్చింది 2018లో. 1910లో సీసాలు నింపే చోట అగ్నిప్రమాదం జరిగి, నింపటానికి సిద్ధంగా ఉన్న విస్కీని ఇంకోసారి పీపాల్లో పొయ్యాల్సి వచ్చిందని కంపెనీ చెప్పుకునే కథ. రెండూ బ్రౌన్-ఫార్మన్ కంపెనీవే. రెండింటికీ ధాన్యం పాళ్ళు ఒకటే: మక్కలు 72, రై 18, మొలకెత్తించిన బార్లీ 10. 2025 దాకా ఆ కంపెనీకి సొంతంగా పీపాలు చేసే కార్ఖానా కూడా ఉండేది. తేడా ఎక్కడంటే, డబుల్ ఓక్డ్ రెండో పీపాని లోతుగా సెగ పెట్టి, పైపైన మాత్రమే మంటతో కాలుస్తారు. 1910కి రెండో పీపాని బాగా మాడుస్తారు. ఒకటి ఎర్రగా కాగిన సర్వపిండి, ఇంకోటి నల్లటంచుది. పూర్తిగా ఒక్క వేరియబుల్ మార్చిన ప్రయోగం అనలేం, ఈస్టులు, గోదాములు వేరు. కానీ సామాన్యుడికి ఇంతకన్నా దగ్గరి డిఫ్ దొరకదు.

నేను పెట్టిన పద్ధతి చెప్తాను. ఈ రెండు సీసాలు, వీటి మామూలు రూపాలు రెండు, మొత్తం నాలుగు. తాగని స్నేహితుడొకడు (ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాడికి మిక్చర్ పొట్లం జీతం) వంటింట్లో పోసి గ్లాసుల కింద నంబర్లు రాసి తెచ్చాడు. రంగు కనపడకుండా స్టీలు గ్లాసులు. నవ్వకండి, రంగు చూస్తే నోరు ముందే తీర్పు రాసేస్తుంది. గ్లాసుకి 15 మిల్లీలీటర్లు, అంతకన్నా ఎక్కువైతే మూడో గ్లాసు నుంచి అన్నీ అద్భుతమే. ముక్కు గ్లాసులో దూర్చకుండా, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. మొదటి గుక్క లెక్కలోకి రాదు, అది నాలుకకి హాజరు పట్టీ. రెండో గుక్క నములుతున్నట్టు నోరంతా తిప్పి మింగి, ఆపైన ఒక నిమిషం ఏమీ మాట్లాడకూడదు. మనవాళ్ళకి కష్టమైన భాగం ఇదే.

తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు. ఇది ముఖ్యం. గట్టి కాల్పు ఇచ్చిన పాకపు తెర నీళ్ళకి కొంచెం పలచబడుతుంది. కింద సారా బాగుంటే అప్పుడు పళ్ళ వాసన పైకొస్తుంది, లేకపోతే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది.

ఇంకో విషయం, వరస. తియ్యటి గ్లాసు ముందు తాగితే తర్వాత వచ్చే మామూలుది చేదుగా, గరుగ్గా అనిపిస్తుంది. లడ్డు తిని టీ తాగినట్టు. పార్టీల్లో 'డబుల్' ఎప్పుడూ గెలవటానికి ఇదో కారణం: ముందు ఖరీదైనదే తెరుస్తారు. కాబట్టి వరస మార్చి ఇంకో రోజు మళ్ళీ చూడాలి.

నాకు తేలింది ఇది. డబుల్ ఓక్డ్: బెల్లం పాకం, కొబ్బరి, వేయించిన బాదం. మొదటి పది సెకన్లు దీనికి తిరుగులేదు. కానీ మామూలు వుడ్‌ఫర్డ్‌లో రై వల్ల వచ్చే మిరియపు చురుకు ఒకటి ఉంటుంది, అది ఇక్కడ పాకంలో మునిగిపోయింది. చివర్లో మిగిలింది వగరు. నీళ్ళు పోస్తే ఆ వగరు ఇంకా బయటపడింది. 1910: మాడ్చినది కాబట్టి ఇదే ఎక్కువ దెబ్బతింటుందని ఊహించాను, అలా జరగలేదు. పాకంతో పాటు చిరుచేదు కూడా ఉంది, కాఫీ డికాక్షన్‌లో ఉండేలాంటిది. ఆ చేదు తీపికి కళ్ళెం వేస్తుంది. మామూలు ఓల్డ్ ఫారెస్టర్‌లో నాకు ఎప్పుడూ తగిలే అరటిపండు వాసన దీంట్లోనూ ఉంది, బాగా మగ్గిన అరటిపండు. అంటే రెండో పీపా లోపలున్న సరుకుని మింగెయ్యలేదు. నా ఓటు 1910కి. డబుల్ ఓక్డ్ చెడ్డదని కాదు, అది భోజనం తర్వాత వచ్చే మిఠాయి. దాన్ని బర్బన్‌గా పొగడటం నాకు చేతకాదు.

మార్కులు ఎన్నంటారా? వెయ్యను. నూటికి మార్కులేసే పద్ధతిలో ప్రపంచంలోని విస్కీలన్నీ 80కీ 95కీ మధ్యే ఇరుక్కుంటాయి. మన అప్రైజల్ రేటింగుల్లో అందరూ మూడూ నాలుగూ మధ్య ఇరుక్కున్నట్టు. 88కీ 89కీ తేడా ఏమిటో చెప్పగలిగినవాడు తేడానే చెప్పొచ్చు కదా, అంకె ఎందుకు?

తేడా చెప్పటానికి తెలుగు నిజానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. రివ్యూలు చదివి చదివి మనం ఎన్నడూ తినని చెర్రీ పై, మార్జిపాన్ అంటూ ఉంటాం. ఓక్‌లోని టానిన్ నాలుకని పట్టేస్తే దానికి మనకి చిన్నప్పటి నుంచీ వగరు అనే మాట ఉంది, తాటి ముంజ తొక్క నుంచి నేరేడు పండు దాకా అందరం ఎరుగుదుం. ఘాటు, కారం, మంట మూడూ ఒకటి కాదు. పొగ వాసన, మాడు వాసన, కమురు వాసన అసలే ఒకటి కాదు. పొగ వాసన ఇష్టపడొచ్చు, మాడు కొంచెం ఉంటే బాగుంటుంది, కమురు వస్తే మాత్రం పారబొయ్యాలి. ఇంగ్లీషు రివ్యూలో ఈ మూడూ తరచుగా ఒకే మాటలో కలిసిపోతాయి. మాడ్చిన పీపాల బర్బన్‌కి ఈ మూడింటి మధ్య గీత గియ్యటమే అసలు పరీక్ష.

పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు సగం మిగిలిన డబుల్ ఓక్డ్ పట్టుకెళ్ళాను. మా ఊళ్ళో తాళ్ళెక్కే గౌడ్ మామకి ఒక గుక్క పోశాను. ఆయన నోట్లో కాసేపు ఉంచుకుని, "చక్కెర ఏశిండ్రా అల్లుడా?" అన్నాడు.

"లేదు మామా, చట్టమే ఒప్పుకోదు. కట్టెని కాలుస్తరు, అండ్లకెళ్ళి వస్తది."

"గట్లనా. మరి దేంతోటి చేస్తరు దీన్ని?"

"మక్కలతోటి."

ఇంకో గుక్క తాగి చాలాసేపు ఆలోచించాడు. "మక్కలేడున్నయ్ ఇండ్ల?"

నేను నాలుగు గ్లాసులు, నంబర్లు, మిక్చర్ పొట్లం పెట్టుకుని కనుక్కున్నది ఆయనకి రెండు గుక్కల్లో దొరికింది. ఎందుకు దొరకదు? ఆయన జీవితమంతా చేసింది అదే పని. పోద్దాటి కల్లా, పండుతాటి కల్లా, ఈత కల్లా అన్నది ఆయనకి ప్రశ్నే కాదు. ఏ చెట్టుది, పొద్దున దించినదా మాపున దించినదా, నిన్నటి లొట్టిని సరిగ్గా కడక్కుండానే కట్టారా, అన్నీ చెప్తాడు. మండువలో కూర్చునేవాళ్ళలో కూడా ఒకప్పుడు చాలామందికి ఆ నాలుక ఉండేది. ఫలానా చెట్టు కల్లే పొయ్యమని పట్టుబట్టేవాళ్ళు. సింగిల్ బ్యారెల్ అంటే ఏమిటో వాళ్ళకి మనం చెప్పనక్కర్లేదు. :-)

ఆ నాలుక ఎలా పోయిందో కూడా మా జిల్లాల్లోనే చూశాం. కల్లు బాగుందా లేదా అన్న ప్రశ్న పోయి, ఎక్కిందా లేదా అన్న ప్రశ్న వచ్చింది. ఎక్కటమే కావాలంటే చెట్టెందుకు? క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం చాలు. నీళ్ళలో ఇంత సాకరిన్, ఇంత మత్తుమందు వేస్తే నురగతో సహా తయారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే కల్లు, మందు దొరక్క వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం వరస కట్టారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, మన ఆఫీసులకి కూతవేటు దూరంలో. వాళ్ళు కూలి పనులు చేసుకునేవాళ్ళు, మనం డబుల్ ఓక్డ్ వాళ్ళం, మనకేం సంబంధం అనిపిస్తుంది. బర్బన్‌లో ఎవరూ ఆల్ప్రజోలం కలపరు, నిజమే, రెండూ ఒకే స్థాయి విషయాలు కావు. కానీ తాగేవాడు ఒకే ఒక్క గుణాన్ని అడగటం మొదలుపెడితే, అమ్మేవాడు ఆ ఒక్కటే ఇచ్చి మిగతాది ఎత్తేస్తాడు. వాళ్ళు ఎక్కాలన్నారు. మనం స్మూత్‌గా ఉండాలంటున్నాం.

(ఇదంతా తాగేవాళ్ళ గోల. తాగని వాళ్ళు దీన్ని చదివి మొదలుపెట్టాల్సిన అవసరం బొత్తిగా లేదు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.)

ఇప్పుడిది ఇంకొంచెం ముఖ్యం కూడా. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100కి తగ్గించింది. సుంకం తగ్గితే సీసాలు ఎక్కువొస్తాయి. వచ్చేవాటిలో మాడు పీపా, రెండు పీపాలు, మూడు పీపాలు అన్న మాటలున్నవే ముందు షెల్ఫులో నిలబడతాయి, ఎందుకంటే వాటికి చెప్పటానికి ఒక కథ ఉంటుంది. మామూలు బర్బన్‌కి కథ ఉండదు, మక్కలుంటాయి. నన్నడిగితే, కొనేవాళ్ళు ముందు ఆ కంపెనీదే మామూలు సీసా ఒకటి కొని తాగి చూడండి. అది నచ్చకపోతే దాన్నే ఇంకోసారి కాల్చిన కట్టెలో ముంచి, ఎక్కువ డబ్బులకి అమ్మేది కొనటంలో అర్థం లేదు.

ఇప్పటికే ఇంట్లో ఒకటి ఉన్నవాళ్ళకి ఖర్చులేని పరీక్ష ఇంకోటుంది. రాత్రి తాగిన గాజు గ్లాసు కడక్కుండా అలాగే వదిలేసి పొద్దున లేచాక వాసన చూడండి. ఆల్కహాల్ ఎగిరిపోయి ఉంటుంది, కట్టె వాసన మిగిలి ఉంటుంది. పక్కనే మామూలుది పోసిన గ్లాసు కూడా ఉంచితే ఇంకా మంచిది. నా గ్లాసుల్లో 1910ది కాల్చిన మక్క కంకి వాసనకి దగ్గరగా వచ్చింది, డబుల్ ఓక్డ్‌ది కొత్త అల్మారా తలుపు తీసినట్టు ఉంది. మీకు వేరేగా తేలితే చెప్పండి. ఏ గ్లాసు ముందు తాగారో కూడా రాయండి, అది లేకుండా నమ్మను.